పాత ఫ్యాషన్ బొమ్మలు: గుర్తింపు, అమ్మకానికి సిద్ధం చేయడం

పాత ఫ్యాషన్ బొమ్మ అంటే యుక్తవయసు స్త్రీ లేదా పురుషుడి ఆకారంలో, బట్టలు మార్చి అలంకరించుకునే వీలుతో తయారై, ఆ నమూనా ఉత్పత్తి ఆగిపోయి చాలా ఏళ్లయిన ఆటబొమ్మ. బార్బీ ఈ కోవలో అందరికీ తెలిసినది. ఇలాంటి బొమ్మను అమ్మకానికి పెట్టేముందు మూడు పనులు ఉంటాయి: ఎప్పుడు, ఎక్కడ, ఎవరు తయారు చేశారో గుర్తించడం, ఉన్న స్థితిని నిర్ధారించడం, అసలు భాగాలకు హాని కలగకుండా శుభ్రం చేసి వివరాలు రాయడం. ఈ వరుస ముఖ్యం. గుర్తించకముందే కడిగితే తిరిగి తేలేని ఆధారాలు పోతాయి. ఈ వ్యాసం విషయాన్ని సాధారణంగా వివరిస్తూ, కోనసీమలోని పి.గన్నవరం పరిసరాల ఇళ్లకు వర్తించే అంశాలను ప్రత్యేకంగా పేర్కొంటుంది.

నిర్వచనం, పరిధి

పసిపాప ఆకారంలో ఉండే బొమ్మలు, జంతువుల బొమ్మలు, దేవతామూర్తులు ఈ విభాగంలోకి రావు. ఫ్యాషన్ బొమ్మలో బొమ్మ ఎంత ముఖ్యమో, దానికోసం వేరుగా కుట్టిన బట్టలు, చెప్పులు, నగలు అంతే ముఖ్యం. బార్బీ ఎత్తు 11.5 అంగుళాలు, అంటే సుమారు 29 సెంటీమీటర్లు. ఈ తరగతి బొమ్మల్లో చాలావాటిని మనిషి కొలతలో సుమారు ఆరో వంతుగా లెక్కిస్తారు.

‘వింటేజ్’ అనే మాటను సేకర్తలు కచ్చితమైన అర్థంలో వాడతారు. బార్బీ విషయంలో 1959 నుంచి 1970ల ఆరంభం వరకు వచ్చిన వాటినే ఎక్కువమంది అలా పిలుస్తారు. మామూలు బజారులో 1980లు, 1990ల బొమ్మలకు కూడా ఈ మాట వాడుతుంటారు. అందువల్ల అమ్మేవారు ఆ మాటతో సరిపెట్టకుండా దశాబ్దాన్ని పేర్కొనడం మంచిది.

చరిత్ర

*ప్రపంచంలో.* 19వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో జుమో, బ్రూ వంటి సంస్థలు పింగాణీ తలలతో, నాటి స్త్రీల వేషధారణతో ఖరీదైన బొమ్మలను తయారుచేశాయి. ప్లాస్టిక్ యుగంలో 1955లో జర్మనీలో ‘బిల్డ్ లిల్లీ’ వచ్చింది. ‘బిల్డ్’ పత్రికలోని కార్టూన్ పాత్ర దీనికి ఆధారం. ఆ బొమ్మను చూసిన మాటెల్ సంస్థ సహవ్యవస్థాపకురాలు రూత్ హ్యాండ్లర్ అమెరికాలో బార్బీని రూపొందించి, 1959 మార్చి 9న న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో విడుదల చేశారు. అప్పటి ధర 3 డాలర్లు, తయారీ జపాన్‌లో. తర్వాత బార్బీ వరుసలోనే 1961లో కెన్, 1963లో మిడ్జ్, 1964లో స్కిప్పర్ వచ్చాయి. బ్రిటన్‌లో పెడిగ్రీ సంస్థ 1963లో సిండీని, జపాన్‌లో తకారా సంస్థ 1967లో లిక్కాను తెచ్చాయి. 2001లో బ్రాట్జ్, 2003లో అరబ్బు దేశాల కోసం అబాయాతో ఫుల్లా వచ్చాయి.

*భారతదేశంలో.* వివిధ దేశాల వేషధారణతో మాటెల్ 1980లో ప్రారంభించిన వరుసలో 1982లో చీర కట్టిన ఇండియా బార్బీ విదేశీ మార్కెట్లలో విడుదలైంది. దేశంలో తయారీ 1980ల చివరి కాలంలో మొదలైంది. బ్లో ప్లాస్ట్ సంస్థకు చెందిన లియో టాయ్స్ మాటెల్‌తో కలిసి వీటిని తెచ్చింది. ఆ కాలపు పెట్టెలపై ‘లియో’ పేరు కనిపిస్తుంది. చీర, బొట్టుతో ఉన్న ‘బార్బీ ఇన్ ఇండియా’ బొమ్మలు వీటిలో ప్రసిద్ధమైనవి. కార్టూనిస్టు శంకర్ కృషితో 1965లో ఢిల్లీలో ఏర్పడిన అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం, వేషధారణ బొమ్మలకు దేశంలో ఉన్న ముఖ్య సంగ్రహాలయం.

*తెలుగు ఇళ్లలో.* బొమ్మకు బట్ట కట్టి అలంకరించడం ఇక్కడ కొత్త కాదు. తిరుపతి ప్రాంతంలో ఎర్రచందనంతో చెక్కిన స్త్రీ పురుషుల జంట బొమ్మలకు చీర, పంచె కట్టేవారు. ఆడపిల్లలు బొమ్మల పెళ్లిళ్లు చేసేవారు. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు బొమ్మల కొలువులో మెట్లెక్కాయి. 1980లు, 1990ల నుంచి ఇవే మెట్లపై ప్లాస్టిక్ ఫ్యాషన్ బొమ్మలు కూడా చేరాయి.

పి.గన్నవరం ప్రాంతంలో లభ్యత

పి.గన్నవరం డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో, వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్న మండల కేంద్రం. ఈ ప్రాంతపు ఇళ్లలో ఫ్యాషన్ బొమ్మ దొరికే మార్గాలు ప్రధానంగా మూడు.

మొదటిది గల్ఫ్ వలస. కోనసీమ నుంచి ఆడా మగా చాలామంది కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లి పనిచేశారు. సెలవుకు వచ్చేటప్పుడు పిల్లలకు తెచ్చిన బొమ్మల్లో విదేశీ తయారీ బార్బీలు, ఫుల్లాలు ఉండే అవకాశం ఉంది. రెండోది దేశంలో తయారైన బొమ్మలను పట్టణాల దుకాణాల్లో కొనడం. మూడోది తీర్థాలు. కనుమనాడు అంబాజీపేట మండలంలోని జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం వంటి సందర్భాల్లో పలచని ప్లాస్టిక్‌తో చేసిన అనుకరణ బొమ్మలు అమ్ముతారు. ఈ మూడు రకాలూ ఒకే ట్రంకు పెట్టెలో కలిసిపోయి ఉండవచ్చు. విలువలో వీటి మధ్య తేడా చాలా ఉంటుంది కాబట్టి ముందు వేరుచేయాలి.

రకాలు

అమ్మకం దృష్టితో పాత ఫ్యాషన్ బొమ్మలను నాలుగుగా విభజించవచ్చు.

1. తొలినాటి బొమ్మలు: 1959 నుంచి 1970ల ఆరంభం వరకు ఎక్కువగా జపాన్‌లో తయారైనవి. తెలుగు ప్రాంతాల్లో ఇవి అరుదు.
2. సామూహిక ఉత్పత్తి బొమ్మలు: 1970ల నుంచి 1990ల వరకు తైవాన్, హాంకాంగ్, ఫిలిప్పీన్స్, మలేసియా, చైనా, ఇండియా వంటి చోట్ల తయారైనవి. ఇళ్లలో దొరికేవి ఎక్కువగా ఇవే.
3. సేకర్తల కోసం చేసిన ప్రత్యేక సంచికలు, పాత నమూనాల పునరుత్పత్తులు.
4. ముద్ర లేని అనుకరణలు: తీర్థం బొమ్మలు, చిల్లర దుకాణాల బొమ్మలు.

గుర్తింపు

*ముద్రలు.* బట్ట తీసి, నడుము కింది భాగంలో వెనకవైపు ఉండే అక్షరాలను పక్కనుంచి వెలుతురు పడేలా చూడాలి. అక్కడ సంస్థ పేరు, హక్కుల సంవత్సరం, దేశం పేరు ఉంటాయి. ఆ సంవత్సరం బొమ్మ తయారైన ఏడు కాదు; ఆ అచ్చుకు హక్కు నమోదైన ఏడు. 1966 అని ముద్ర ఉన్న బార్బీ శరీరాలు 1990ల వరకు తయారయ్యాయి. గుర్తింపులో ఎక్కువగా జరిగే పొరపాటు దీనివల్లే. తొలి బార్బీలపై 1958 సంవత్సరం రోమన్ అంకెల్లో ఉంటుంది. 1963 నుంచి కొన్నేళ్లపాటు మిడ్జ్ పేరుతో 1962, బార్బీ పేరుతో 1958 రెండూ ఒకే శరీరంపై కనిపిస్తాయి. తల వెనక లేదా మెడ అంచు లోపల మరో సంవత్సరం ఉండవచ్చు. 1976 ముద్ర ఉన్న తల 1977లో వచ్చిన సూపర్‌స్టార్ బార్బీ ముఖానిది. ఆ తలను తర్వాత చాలా ఏళ్లు వాడారు. దేశం పేరు తయారీ కాలాన్ని ఇంకొంచెం కుదించడానికి పనికొస్తుంది. ముద్రలన్నింటినీ కలిపి చూస్తే బొమ్మ ఏ ఏడాదికి ముందు తయారై ఉండదో తెలుస్తుంది. ఆ తర్వాత ఎప్పటిదో మిగతా లక్షణాలు చెబుతాయి.

*ముఖం, శరీరం.* బార్బీ కాలనిర్ణయానికి తోడ్పడే ముఖ్య లక్షణాలు:

- 1959 తొలి బొమ్మ: తెల్లని కంటిపాపలు, కోణంగా వంగిన కనుబొమలు, అరికాళ్లలో స్టాండు కోసం రాగి గొట్టాలతో రంధ్రాలు. రెండో రకానికి రంధ్రాలు ఉండవు.
- 1960 మూడో రకం: నీలి కంటిపాపలు, గుండ్రని కనుబొమలు.
- 1961: పొట్టి జుట్టు ‘బబుల్ కట్’, బోలు శరీరం.
- 1965: మోకాలు వంగే కాళ్లు.
- 1967: నడుము తిరిగే శరీరం, నాటిన కనురెప్పల వెంట్రుకలు.
- 1971: అంతవరకు పక్కకు చూసిన కళ్లు మాలిబు బార్బీతో నేరుగా చూడసాగాయి.
- 1977: పళ్లు కనిపించే నవ్వు, వంచిన చేతులు.

తొలి రెండు రకాల బొమ్మల చర్మపు రంగు కాలక్రమంలో పాలిపోయి దంతపు రంగుకు వస్తుంది. ఇది సహజమైన మార్పు, లోపంగా లెక్కించరు.

*జుట్టు.* నాణ్యమైన బొమ్మల్లో జుట్టును మాడంతా వరసలుగా కుచ్చులు కుచ్చులుగా నాటుతారు. అనుకరణల్లో నుదుటి అంచునా, పాపిటా మాత్రమే నాటి మధ్యభాగాన్ని ఖాళీగా వదిలేయడం సాధారణం. 1961 కెన్ జుట్టు మాత్రం నూగు అతికించి చేసినది. దానికి నీరు తగిలితే రాలిపోతుంది.

*బట్టలు, పెట్టె.* లోపలి కుట్టులో చిన్న నేత పట్టీ ఉందేమో చూడాలి. ఇండియాలో తయారైన బొమ్మలకు చీర, జాకెట్టు, నగలు విడివిడిగా లెక్కించి రాసుకోవాలి. ఇళ్లలో ఆడపిల్లలు పాత చీర ముక్కలతో కుట్టిన లంగా ఓణీలు, టిచ్ బటన్ల జాకెట్లు సంస్థ తయారీ కావు. వాటిని పారేయకుండా ‘ఇంట్లో కుట్టినవి’ అని వేరుగా చూపాలి. పెట్టె ఉంటే దాని వెనక ఉన్న హక్కుల సంవత్సరం, సరుకు సంఖ్య, ధర చీటీ అన్నీ ఆధారాలే. చీటీని పీకకూడదు.

*నకళ్లు, పునరుత్పత్తులు.* మాటెల్ తన 1959 నాటి తొలి బొమ్మను పోలిన పునరుత్పత్తిని 1994లో 35వ వార్షికోత్సవానికి విడుదల చేసింది. తొలి బొమ్మకు ఉన్నట్టు తెలుపు నలుపు చారల ఈతదుస్తు ఉన్నంత మాత్రాన బొమ్మ 1959 నాటిది కాదు. ముద్ర, పాదాలు, బరువు మూడూ సరిపోవాలి. తల ఒక బొమ్మది, శరీరం మరో బొమ్మది కావడం, ముఖానికి కొత్తగా రంగు వేయడం కూడా జరుగుతుంటాయి. తీర్థం బొమ్మను గుర్తించడం తేలిక: చేతిలో తేలికగా ఉంటుంది, పక్కల వెంట అచ్చు గీత స్పష్టంగా తెలుస్తుంది, నొక్కితే శరీరం లోపలికి పోతుంది, సంస్థ పేరు ఉండదు.

స్థితి నిర్ధారణ

ఒకే బొమ్మకు స్థితినిబట్టి వేర్వేరు ధర పలుకుతుంది. సేకర్తల వాడుకలో పెట్టె తెరవనిది, తెరిచినా కొత్తగా ఉన్నది, పెట్టె లేని మంచి బొమ్మ, ఆడుకున్న బొమ్మ అనే మెట్లు ఉన్నాయి. పరిశీలించాల్సిన లోపాలు ఇవి.

*చెవి చిలుము.* లోహపు చెవిపోగు వినైల్‌తో చర్య జరిపి చెవి చుట్టూ పచ్చ మరకను ఏర్పరుస్తుంది. పోగు తీయకపోతే అది చెంపకు పాకుతుంది.

*జిగట.* వినైల్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే ద్రవ్యం ఏళ్లు గడిచేకొద్దీ పైకి ఊరుతుంది. కాళ్లు జిడ్డుగా మారి దుమ్ము పడుతుంది. తాకి ఉన్న వేరే ప్లాస్టిక్‌ను కరిగించినట్టు గుంటలు చేస్తుంది.

*మరకలు.* ముదురు రంగు బట్ట నుంచి దిగిన రంగు, పెన్ను సిరా ఎక్కడైనా కనిపించేవే. తెలుగు ఇళ్ల బొమ్మల్లో వీటికి తోడు నుదుట కుంకుమ, తిలకం, పాదాలకు పారాణి, అరచేతుల్లో గోరింటాకు మరకలు ఉంటాయి. ఇవి వినైల్‌లోకి ఇంకిపోతాయి.

*జుట్టు లోపాలు.* కత్తిరింపు, చిక్కులు, ఊడిన కుచ్చులు. కోనసీమలో పిల్లలు తమ తలకు రాసుకున్నట్టే బొమ్మకూ కొబ్బరి నూనె రాసి జడ వేయడం వల్ల పాత నూనె జిగురుగా గట్టిపడి దుమ్ముతో కలిసిపోతుంది.

*ఇతరాలు.* నమిలిన వేళ్లు, పగిలిన మెడ, వదులైన కీళ్లు, కాలి లోపలి తీగ తుప్పు, పెదవుల రంగు చెరగడం.

శుభ్రపరచడం

ముందుగా అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసి పెట్టుకోవాలి. పెట్టె తెరవని బొమ్మను తెరవకూడదు. మిగిలిన వాటికి తక్కువ జోక్యంతో మొదలుపెట్టాలి.

*శరీరం.* గోరువెచ్చని నీటిలో కొద్దిగా ఘాటు లేని సబ్బు కలిపి, దూది పుల్లతో లేదా మెత్తటి గుడ్డతో తుడవాలి. బొమ్మను నీటిలో ముంచకూడదు. మెడ, నడుము సందుల్లోంచి నీరు లోపలికి చేరి బూజు, తుప్పు పడతాయి. గోళ్ల రంగు తీసే ద్రవం, థిన్నర్, బ్లీచ్ వాడకూడదు. మొదటి రెండూ ప్లాస్టిక్‌ను, ముఖంలోని రంగులను కరిగిస్తాయి. చెవిపోగులను నెమ్మదిగా తీసి విడిగా కాగితంలో ఉంచాలి.

*లోతైన మరకలు.* సిరా, కుంకుమ మరకలకు సేకర్తలు మొటిమలకు వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీమును రాస్తారు. ఇది రంగును తెలుపు చేసే పదార్థం. మరక చోటే రాయాలి, రోజూ చూసుకోవాలి, కళ్లు పెదవుల దగ్గరకు పోనివ్వకూడదు. ఎక్కువసేపు ఉంచితే చుట్టూ చర్మం పాలిపోయి మచ్చ మరింత కనిపిస్తుంది. అరుదైన బొమ్మకు ఈ ప్రయత్నం చేయకుండా మరకను ఉన్నట్టే చూపి అమ్మడం మేలు.

*జుట్టు.* కొబ్బరి నూనె జిడ్డు షాంపూతో ఒక్కసారికి పోదు. గిన్నెలు తోమే ద్రవాన్ని నీటిలో పలచన చేసి, ముఖాన్ని గుడ్డతో కప్పి, తలకిందులుగా పట్టుకుని జుట్టు మాత్రమే తడపాలి. అవసరమైతే మళ్లీ మళ్లీ కడగాలి. చిక్కును కొసల నుంచి మొదలుపెట్టి పైకి, వెడల్పు పళ్ల దువ్వెనతో తీయాలి. సంస్థ వేసిన అసలు ముడి, రిబ్బను చెదరకుండా ఉంటే విప్పకూడదు. కత్తిరించి సమం చేయడం విలువను తగ్గిస్తుంది.

*బట్టలు.* తడి తెల్లదూదిని లోపలి అంచున అద్ది రంగు దిగుతుందేమో చూడాలి. దిగితే ఉతకకూడదు. జరీ, సాటిన్ బట్టలను మెత్తటి కుంచెతో దులిపితే చాలు. ఇస్త్రీ చేయాల్సివస్తే మధ్యలో గుడ్డ వేసి తక్కువ వేడితో చేయాలి. ఊడిన కుట్టును అదే రంగు దారంతో వేసి, ఆ సంగతి వివరణలో రాయాలి.

నిల్వ: కోనసీమ వాతావరణం

గోదావరి పాయల మధ్య, సముద్రానికి చేరువగా ఉండే ఈ నేలలో గాలిలో తేమ ఎక్కువ. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు తుపాను వంటి విపత్తులు ఇక్కడి ఇళ్లలోని సామానును దెబ్బతీశాయి. నీట మునిగిన పెట్టెలోని బొమ్మలకు లోపల బురద, తీగ తుప్పు ఉన్నాయేమో ప్రత్యేకంగా చూడాలి.

బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండలను బొమ్మల దగ్గర ఉంచకూడదు. వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. గాలి ఆడని ప్లాస్టిక్ సంచిలో తేమ బంధించబడి బూజు పడుతుంది. ఆమ్లం లేని తెల్ల కాగితంలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలతో అట్టపెట్టెలో, ఎండ తగలని అటక కింది అరలో ఉంచడం మంచి పద్ధతి. పెంకుటింటి అటకపై వేసవి వేడి ఎక్కువ కాబట్టి అక్కడ వినైల్ త్వరగా చెడుతుంది.

వివరణ, ఫొటోలు, ధర

అమ్మకపు వివరణలో ఎత్తు, ముద్రలోని అక్షరాలు యథాతథంగా, అసలు భాగాలు, తర్వాత చేర్చినవి, లేనివి, లోపాలు, చేసిన మరమ్మతు ఉండాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: “సుమారు 29 సెం.మీ. వినైల్ బొమ్మ. నడుము వెనక 1966 హక్కుల సంవత్సరం, ఇండియా తయారీ ముద్ర. తల వెనక 1976. చీర అసలుదని భావిస్తున్నాం, జాకెట్టు ఇంట్లో కుట్టినది. కుడి చెవి కింద 2 మి.మీ. పచ్చ మరక. నుదుట లేత కుంకుమ మచ్చ. జుట్టు కత్తిరించలేదు, కడిగాం. ఒక చెప్పు లేదు.” కచ్చితంగా తెలిసినదాన్నీ, ఊహించినదాన్నీ ఇలా వేరుచేయడం కొనేవారి నమ్మకానికి పునాది.

ఫొటోలు పగటి వెలుతురులో, నీడ పట్టున, ఒకే రంగు బట్టపై తీయాలి. ముందు, వెనక, ముఖం, ముద్ర, పాదాలు, ప్రతి లోపం విడిగా ఉండాలి. రంగులు మెరుగుపరిచే సదుపాయాలు వాడితే పాలిపోయిన చర్మం మామూలుగా కనిపించి, కొన్నవారు తిరిగి పంపే పరిస్థితి వస్తుంది.

ధర నిర్ణయించడానికి అమ్మేవారు అడుగుతున్న ధరలు ప్రమాణం కావు. అదే నమూనా, అదే స్థితిలో నిజంగా అమ్ముడైన ధరలనే చూడాలి. వయసు ఒక్కటే ధరను పెంచదు. 2010లో క్రిస్టీస్ వేలంలో నగల రూపకర్త స్టెఫానో కాంటూరి బార్బీ 3,02,500 డాలర్లు పలికింది. అది పాతది కాదు. మెడలోని అరుదైన గులాబీ వజ్రం, దాతృత్వ లక్ష్యం ఆ ధరకు కారణాలు. కోట్ల సంఖ్యలో తయారైన 1980లు, 1990ల బొమ్మల్లో చాలావాటికి, పెట్టె లేకపోతే, సాధారణ ధరే వస్తుంది. ఇండియాలో మాత్రమే అమ్మిన నమూనాలకు విదేశీ సేకర్తల ఆసక్తి ఉంటుంది.

ప్యాకింగు, రవాణా

బొమ్మ ముఖానికి రంగు కాగితం, వార్తాపత్రిక తగలకూడదు. వాటి సిరా అంటుకుంటుంది. తెల్ల కాగితం చుట్టి, ఆపై బుడగల కవరు వేయాలి. బుడగలు నేరుగా వినైల్‌కు తగిలితే వేడికి గుర్తులు పడతాయి. చెప్పులు, నగలు చిన్న సంచిలో విడిగా పెట్టి లోపలి అట్టకు అతికించాలి. పాత పెట్టె ఉంటే దానికంటే పెద్ద అట్టపెట్టెలో అన్ని వైపులా మెత్తదనంతో ఉంచాలి. వానాకాలంలో బయట నీరు దిగని కవరు తప్పనిసరి.

చట్టపరమైన అంశాలు

1959 తర్వాతి కర్మాగారపు బొమ్మలు పురావస్తువుల కిందికి రావు. అయితే ఇంట్లో వాటితోపాటు తాతల కాలం నాటి చెక్క బొమ్మలు దొరికితే పద్ధతి వేరు. 1972 పురావస్తువుల, కళాసంపద చట్టం 100 ఏళ్లు దాటిన శిల్పాలకు, కళాఖండాలకు వర్తిస్తుంది. అలాంటి వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు. ఎర్రచందనం అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఉన్న చెట్టు కాబట్టి ఆ కర్రతో చేసిన బొమ్మను, వయసుతో సంబంధం లేకుండా, విదేశాలకు పంపేముందు నిబంధనలు తెలుసుకోవాలి. పునరుత్పత్తిని అసలు వింటేజ్ బొమ్మగా చెప్పి అమ్మడం మోసం అవుతుంది.

ప్రాముఖ్యం

ఫ్యాషన్ బొమ్మలు తాము పుట్టిన కాలపు వస్త్రధారణను, సౌందర్య భావనను, ప్లాస్టిక్ పరిశ్రమ గమనాన్ని నమోదు చేస్తాయి. బార్బీ శరీర కొలతలపై, చర్మపు రంగులపై దశాబ్దాలుగా విమర్శలు వచ్చాయి. 2016లో మాటెల్ వేర్వేరు ఒడ్డూ పొడవులతో బొమ్మలను తెచ్చింది. కోనసీమ వంటి ప్రాంతంలో ఈ బొమ్మ గల్ఫ్ వలసకు, బజారుల మార్పుకు, పాత బొమ్మల పెళ్లిళ్ల సంప్రదాయం కొత్త బొమ్మపై కొనసాగడానికి సాక్ష్యం. ఎవరు, ఏ దేశం నుంచి, సుమారు ఏ ఏట తెచ్చారో ఒక చీటీపై రాసి బొమ్మతో ఇస్తే దాని చరిత్ర చేతులు మారినా నిలుస్తుంది. కొనేవారికి అది విలువ, పరిశోధకులకు ఆధారం.

ఇవీ చూడండి

బార్బీ, బొమ్మల కొలువు, బొమ్మల పెళ్లి, కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక బొమ్మలు, ఎర్రచందనం, గల్ఫ్ వలసలు, జగ్గన్నతోట ప్రభల తీర్థం, శంకర్ అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం